ఆఖరి పేజీలో ఉమాశంకర్

"నెట్‌లోవి దింపేసి పుస్తకమేత్తే కేసైపోతాది మేడమ్. మా ప్రెస్సులో అవ్వదు."

కెన్నీ కాగితాల కట్టను వెనక్కి తోసేశాడు. వన్ టౌన్‌లో వాళ్ళ నాన్న పెట్టిన ప్రెస్సు అది. కట్ట తెచ్చిన అమ్మాయి దాన్ని మళ్ళీ ముందుకు తోసింది.

"ఏ కేసూ అవ్వదు. ఇవి అందరం కలిసి ఆన్‌లైన్‌లో రాసిన వ్యాసాలు. ఎవరైనా ప్రింట్ సేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు. రాసినోళ్ళ పేర్లెయ్యాలి, మన పుస్తకాన్ని ఇంకొకలు ఏసుకుంటామన్నా కాదనకూడదు. అంతే."

"ఊరికే రాసిచ్చేత్తారేటి?"

"పేరుంటాది కదా. అదే మా జీతం."

ఆమె రోజలిన్. అచ్యుతాపురంలో మందుల కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం. పుస్తకం మన తీరంలో దొరికే చేపల గురించి. షిఫ్ట్ దిగి, వానలో తడుస్తూనే ప్రూఫులు దిద్దడానికి వచ్చేది. ఆమె జడలోంచి నీళ్ళు కానాగంత చేపల పేజీ మీద కారుతుంటే, కసురుకోవాల్సిన కెన్నీ చూస్తూ ఉండిపోయేవాడు.

అంతా బాగానే ఉండేది, ఉమాశంకర్ లేకపోతే.

అతను స్టీల్‌ప్లాంట్‌లో ఇంజినీరు. సగం వ్యాసాలు ఆమెతో కలిసి రాశాడు. అతని ఫోనొస్తే రోజలిన్ ముఖం వెలిగిపోయేది.

"ఇక్కడ కామా ఉండాలన్నాడు శంకర్."

"కామాలక్కూడా ఆయన్నే అడగాలేటి?"

"నీకేటయింది?"

"ఏటవ్వలేదు."

ఆఖరి పేజీలో రచయితల పేర్లు కూర్చేటప్పుడు కెన్నీ వేలు ఆ పేరు దగ్గర ఆగింది. డిలీట్ నొక్కేశాడు.

మొదటి కాపీ తిరగేస్తూ రోజలిన్ ఆగిపోయింది. "శంకర్ పేరేది?"

"మిస్సయింది."

"నిజం సెప్పు కెన్నీ."

"నానే తీసేశాను. నువ్వాడి పేరెత్తితే సాలు, ఒళ్ళు మండిపోతాది."

ఆమె అరవలేదు. "తెల్లారకుండా హార్బర్‌కెళ్ళి, ఒక్కో సేప పేరూ అడిగడిగి రాసుకున్నాడు. ఆ కష్టం నువ్వు దొంగిలించావు."

వానలోకి దిగి వెళ్ళిపోయింది.

మర్నాడు కెన్నీ అన్ని కాపీల్లోనూ ఆఖరి కాగితం కోసేసి, కొత్తది అచ్చువేసి అతికించాడు. ఒక కాపీ పట్టుకుని బండి మీద కూర్మన్నపాలెంలో ఉమాశంకర్ ఇంటికి వెళ్ళి, అతనికి ఉన్నదున్నట్టు చెప్పి క్షమించమన్నాడు.

ఉమాశంకర్ తన పేరును కాసేపు చూసుకున్నాడు.

"కోపంగానే ఉంది బావా. కానీ నేనేం తక్కువ తిన్నాను? పోయిన నెల తనని పెళ్ళికి అడిగాను. ప్రెస్సులో ఒకడున్నాడు, ఇంకా నోరు విప్పట్లేదు అంది. నీ మీద ఎంత కుళ్ళుకున్నానో!"

కెన్నీ నేరుగా అచ్యుతాపురం వెళ్ళాడు. కంపెనీ గేటు దగ్గర రోజలిన్ పుస్తకం అందుకుని ఆఖరి పేజీ చూసింది.

"అతన్ని కలిసొచ్చాను. తప్పొప్పుకున్నాను," అన్నాడు కెన్నీ. "నువ్వంటే నాకిష్టం రోజీ. ఆ మాట సెప్పడం మానేసి ఈ దరిద్రప్పని సేశాను."

ఆమె ముఖం ముడుచుకునే పుస్తకాన్ని సంచిలో పెట్టుకుంది.

"ఆదివారం శంకర్ మా ఇంటికి భోజనానికొత్తన్నాడు."

కెన్నీ ముఖం మాడిపోయింది.

"అదిగో, మళ్ళీ!" రోజలిన్‌కు నవ్వాగలేదు. "నువ్వు ఇంకా ముందొచ్చీ. మా నాన్నతో మాట్లాడాలి కదా."

కంపెనీ బస్సు హారన్ కొట్టింది. ఆమె బస్సును వెళ్ళిపొమ్మని చెయ్యూపి, కెన్నీ బండి వెనక ఎక్కి కూర్చుంది.