ఈ పొద్దునే పట్టిన చేప

"ఈ చేప ఎక్కడిది?"

"సరస్సుది," అన్నాడు కుబాత్, తల ఎత్తకుండానే.

"ఎప్పుడు పట్టారు?"

"చదువు రాదా? బోర్డు మీద రాసుంది కదా, 'ఈ పొద్దునే పట్టిన సరస్సు చేప' అని."

అనేశాక తలెత్తాడు. ముందే తలెత్తి ఉంటే ఆ మాట అని ఉండేవాడు కాదు. వాన తుంపరలో తడిసిన జుట్టు, ఎడమచేతిలో నీళ్ల సీసాల బుట్ట, కుడిచేతిలో ఫోను. ముక్కు చివర మాత్రం మిరపపండంత ఎర్రగా ఉంది.

తమ్తా! ఎవరి గురించి రాసినా ఊరంతా తిట్టుకుంటూ చదివే తమ్తా. జార్జియా నుంచి ఇస్సిక్-కుల్ సరస్సు నీళ్లు పరీక్షించే ఉద్యోగం మీద వచ్చింది. రెండేళ్ల ఉద్యోగం, వచ్చే నెలతో ఆఖరు. నీళ్లు పరీక్షించి ఊరుకుంటే గొడవే లేదు. రొట్టె సైజు తగ్గినా, కాలవలో చెత్త పడినా, పంచాయతీ మీటింగులో ఎవరు గురక పెట్టినా ఫోన్లో రాసేసేది. గురక పెట్టిన వాళ్ల ఫొటోతో సహా.

"ఇది మే నెల," అంది తమ్తా. "చేపలు గుడ్లు పెట్టే కాలం. ఇప్పుడు సరస్సులో వల వెయ్యకూడదు. మీరు మాత్రం పొద్దున్నే పట్టి, పొగబెట్టి, పైగా బోర్డు కూడా పెట్టారు. సిగ్గు లేదా?"

"మీకెందుకండీ? మీ ఊరి చేపలా?"

"చేపకి ఊరేంటి? పోనీ, నోరు లేని దాని తరఫున నేను అడుగుతున్నాననుకోండి."

టిక్కుమని ఫొటో తీసి, వానలో విసవిసా వెళ్లిపోయింది.

సాయంత్రానికి కుబాత్ దుకాణం అందరి ఫోన్లలోకీ ఎక్కింది. మర్నాడు కార్లలో వెళ్లేవాళ్లు ఆగి మరీ తిట్టారు. "చేపల పిల్లల్ని కూడా బతకనివ్వవేంరా!" అని ఒక ముసలమ్మ గొడుగు చూపించింది. ఆ తిట్లు తిట్టి, పక్క దుకాణంలో అదే చేప కొనుక్కుపోయింది.

కుబాత్‌కి ఒళ్లు మండిపోయింది. ఎందుకంటే వాడు ఈ జన్మలో సరస్సులో వల వేసిన పాపాన పోలేదు. ఆ చేపలు కొండ అవతల వాళ్ల బావ తవ్వించిన చెరువువి. వాడివే కాదు, ఆ రోడ్డు మీదున్న పన్నెండు దుకాణాల చేపలూ చెరువులవే. 'సరస్సు చేప' అని లేకపోతే ఒక్క కారూ ఆగదు. నేను దొంగని కానని చెప్పాలంటే అబద్ధాలకోరునని ఒప్పుకోవాలి. దొంగకి తేలు కుడితే నోరెత్తడంటారు. వీడు దొంగ కూడా కాదు, తేలు మాత్రం కుట్టింది.

మూడోరోజు పొద్దున్నే వెళ్లి ఆమె తలుపు కొట్టాడు.

"ఆ రాసింది తీసెయ్యి!"

కోపం 'మీరు'ని దారిలోనే ఎక్కడో పారేసింది.

"తియ్యను. అందులో తప్పేముంది?"

"అంతా తప్పే."

"అయితే నిజమేంటో చెప్పు."

కుబాత్ చెప్పుతో గడప మీద మట్టి గీకాడు.

"చెప్పలేవు కదా? సరే, రేపు నువ్వు చేపలు కోసేటప్పుడు వస్తాను. నా కళ్లతో చూస్తాను."

"రా! నాకేం భయం?" అన్నాడు. సందు మలుపు తిరిగాక భయం వేసింది. దానికంటే ముందు, ఆ ఎర్ర ముక్కు రేపు ఇంటికొస్తోందన్న సంతోషం వేసింది. రెండూ కలిసి వాణ్ని ఆ రోజు భోజనం చెయ్యనివ్వలేదు.

మర్నాడు కుబాత్ వాళ్లమ్మ సాయ్రా, దుకాణం వెనకే ఉన్న ఇంటి పొగగదిలో కట్టెలు ఎగదోస్తోంది. తమ్తా లోపలికి అడుగుపెట్టగానే దగ్గు తెర వచ్చింది. తలకి చుట్టుకుందామని మేకుకి వేలాడుతున్న తెల్ల రుమాలు అందుకోబోయింది.

"అమ్మాయ్, అది కాదు!" సాయ్రా కేక పెట్టింది. "నీలంది తీసుకో. మా ఇంట్లో నువ్వు తెల్లది కట్టావంటే కోడలివైపోయినట్టే. ఆ గోడ మీద నుంచి పక్కింటి బూరుల్ చూసిందంటే, మధ్యాహ్నానికి ఊరంతా పెళ్లి భోజనానికి పళ్లేలు పట్టుకొచ్చేస్తుంది."

కుబాత్ చెవులు చేపల మీద పొగ కంటే వేడెక్కాయి. తమ్తా గబుక్కున నీలం రుమాలు చుట్టుకుని, కత్తి అందుకుంది.

మొదటి చేప పొట్ట కోసింది. వేలితో కదిపింది. లోపల సన్నటి గోధుమరంగు గుళికలు.

"ఇది మేత," అంది మెల్లిగా. "చెరువుల్లో వేసే మేత."

కుబాత్ గోడకేసి చూశాడు.

"సరస్సుకి నువ్వేమైనా రోజూ వెళ్లి అన్నం పెడుతున్నావా?"

"అంటే... మా బావకి చెరువుంది."

"ఓరి దేవుడా! నువ్వు దొంగవి కావు!"

"అదేగా మొన్నట్నుంచీ..."

"అబద్ధాలకోరువి! దొంగే నయం!" కత్తి బల్ల మీద ఠంగున పడింది. "చెరువు చేప అమ్మడం తప్పు కాదు, సరస్సు చేపని చెప్పడం తప్పు. శుక్రవారం పంచాయతీ సభలో ఏం జరగబోతోందో తెలుసా?"

తెలుసు. తూర్పు ఒడ్డున మిగిలిన ఒక్క రెల్లు మడుగునీ పూడ్చి, రాజధాని బిష్కెక్ నుంచి ఆసామి ఒకాయన హోటల్ కట్టుకుంటానని అర్జీ పెట్టాడు.

"ఆ అర్జీలో ఏం రాశారో తెలుసా? 'సరస్సు నిండా చేపలే. రోడ్డు మీద పన్నెండు దుకాణాలు రోజూ అమ్ముతున్నాయి. రెల్లు పోతే నష్టమేమీ లేదు.' నీ బోర్డు ఫొటోనే సాక్ష్యంగా అంటించారు. చేపలు గుడ్లు పెట్టేది ఆ రెల్లులోనే కుబాత్! నువ్వు వల వెయ్యకుండానే సరస్సు మొత్తం ఊడ్చేస్తున్నావు!"

"నేనిప్పుడు నోరు విప్పితే ఆ పదకొండు మందీ నన్నే పొగబెడతారు. అమ్మా నేనూ ఏం తినాలి?"

"నన్నడక్కు. నేను పరాయి ఊరిదాన్నిగా! మొన్న నువ్వే అన్నావు."

నీలం రుమాలు విప్పి, మడతపెట్టి మరీ మేకుకి తగిలించి వెళ్లింది. అంత కోపంలోనూ మడత పెట్టిందే అనుకున్నాడు కుబాత్.

శుక్రవారం బడి హాలు కిటకిటలాడింది. చైర్మన్ జుమాకాదిర్ అర్జీ చదివి, బోర్డు ఫొటో అందరికీ చూపించాడు. తమ్తా లేచింది.

"ఆ మడుగులో నీళ్లు నెలనెలా పరీక్షించింది నేను. చేపపిల్లలు కనిపించేది అక్కడొక్కచోటే..."

"కూర్చో అమ్మా," అన్నాడు చైర్మన్ నవ్వుతూ. "అతిథివి. పెట్టింది తిను, పోసింది తాగు. వంటింట్లోకి తొంగిచూడకు. ఆ అమ్మాయికి టీ పొయ్యండర్రా!"

హాలంతా నవ్వింది. తమ్తా ముక్కు చివర ఎర్రబడింది. కానీ ఈసారి కళ్లు కూడా ఎర్రబడ్డాయి. అది కుబాత్ చూశాడు. అంతే.

బయటికెళ్లి, అక్కడ ఆపిన తన చేపల బండి మీంచి బోర్డు పీక్కొచ్చి చైర్మన్ బల్ల మీద ధబీమని పడేశాడు. టీ కప్పులు ఎగిరిపడ్డాయి.

"సాక్ష్యం కావాలా చైర్మన్ గారూ? ఫొటో ఎందుకు, అసలుదే తీసుకోండి! ఇది పచ్చి అబద్ధం. రాసింది నేనే. నాలుగేళ్లుగా నేనమ్మేది చెరువు చేప. సరస్సులో అమ్మడానికి చేపలెక్కడున్నాయి? మడుగులన్నీ పూడ్చుకుంటూ వచ్చాం కదా! నవ్వండి, ఇప్పుడు నవ్వండి!"

పదకొండు దుకాణాలవాళ్లూ ఒక్కసారి లేచారు. "ద్రోహీ!" అన్నారొకరు. "నీ పొయ్యిలో నువ్వే నీళ్లు పోసుకున్నావు కదరా!" అన్నారింకొకరు.

వెనక బెంచీలోంచి ఎనభై ఏళ్ల తోక్తోసున్ తాత కర్ర తాటించాడు. కుర్రతనంలో నిజంగా వల వేసిన మనిషి.

"అరవకండ్రా! నా పళ్లు పోయాయి గానీ నాలుక పోలేదు. పదేళ్లుగా మీ చేపలు నోట్లో పెట్టుకోగానే తెలిసిపోయేది. మీ పరువు పోతుందని మెచ్చుకుంటూ మింగాను. ఇక మింగను." జనం వైపు చూశాడు. "రెల్లు పూడ్చొద్దన్న వాళ్లు చేతులెత్తండి."

ముందు తాత కర్ర లేచింది. తర్వాత సాయ్రా చెయ్యి. ఆ తర్వాత లెక్కపెట్టడం చైర్మన్ వల్ల కాలేదు. అర్జీ వెనక్కిపోయింది.

కుబాత్ కొత్త బోర్డు రాశాడు: 'చెరువు చేప. పట్టిన రోజు అడిగితే చెబుతాను.' వారం రోజులు ఎవరూ అడగలేదు. ఎనిమిదోరోజు జోరువానలో తమ్తా వచ్చింది.

"నీ మీద ఇంకా కోపం పోలేదు," అంది.

"నాకూ పోలేదు. వెళ్లిపోతున్నావుగా."

"ఎవరు చెప్పారు?"

"ఊళ్లో సంగతులు నువ్వొక్కదానివే కనిపెడతావా?"

"సగం కనిపెట్టావు. ఇంకో రెండేళ్లు పొడిగించమని ఉత్తరం రాశాను. పొద్దున సరేనని జవాబొచ్చింది."

కుబాత్ నోరు తెరిచాడు. వాన నీళ్లు లోపలికి పోయాయి.

"ఉండిపో అని ఒక్కసారైనా అడిగావా నువ్వు? చేపల గురించయితే నాలుగేళ్లు అబద్ధమాడావు. ఈ ఒక్క నిజం చెప్పడానికి నోరు రాలేదా?"

"ఉండిపో," అన్నాడు కుబాత్. "నాతో."

తమ్తా దుకాణం వెనక పొగగదిలోకి నడిచింది. మేకుకి రెండు రుమాళ్లూ వేలాడుతున్నాయి. తెల్లది తీసి తలకి కట్టుకుంది.

"అమ్మాయ్, అది కాదు..." అనబోయింది సాయ్రా.

"తెలుసమ్మా. రెండేళ్లు ఈ ఊరి సంగతులు రాశాను. అది మాత్రం తెలియదా?"

సాయ్రా చేతిలో కట్టె చేతిలోనే ఉండిపోయింది. రుమాలు అంచుతో కళ్లు తుడుచుకుని, 'పొగ' అంది. గోడ మీద బూరుల్ తల మొలిచింది, మరుక్షణం మాయమైంది. వీధిలో ఆమె చెప్పుల చప్పుడు పరుగందుకుంది.

కుబాత్ గుమ్మంలోనే తడుస్తూ నిలబడ్డాడు. తమ్తా ముక్కు చివర మళ్లీ ఎర్రగా మెరిసింది.

"ఏంటా చూపు? లోపలికొచ్చి తలుపెయ్యి! పొగంతా పోతోంది. వచ్చే జనానికి ఏం వడ్డిస్తావు మరి?"