అధ్యక్షుల వారి శాలువా

కైకలూరు ఐస్ ఫ్యాక్టరీ ముందు, పట్టపగలు, నలభై మంది చూస్తుండగా సాల్మన్ చనిపోయాడు.

ఎవరూ అతన్ని కాల్చలేదు. పొడవలేదు. రొయ్యల లారీలోకి ఐస్ దిమ్మ ఎత్తుతూ ఆగి, ఫోన్ తీసి, "వస్తువు సన్మానానికి వెళ్ళిపోయింది" అని ఒక్క ముక్క చెప్పాడు. ఆ తర్వాత అతనికి ఊపిరి అందలేదు. జనం గుండెపోటన్నారు.

సాల్మన్ హమాలీ కాదు. యూనిట్ సెవెన్ ఏజెంట్. 'గ్రే హెరాన్' అనే విదేశీ ముఠా సరుకు కైకలూరు మీదుగా పోతోందని తెలిసి మూడు నెలలుగా అక్కడ మూటలు మోస్తున్నాడు. ఆఖరి పార్సిల్‌లో వేలు పెట్టి చూశాడు. అతని గోటి కింద ఒక ఎర్రటి ఉన్ని పోగు దొరికింది. ఆ పోగుకి విషం పట్టించి ఉంది. చర్మానికి తగిలితే చాలు, మనిషి అరగంటలో పోతాడు.

మర్నాడు ఆదివారం పొద్దున తొమ్మిదికి తాడేపల్లిగూడెంలో, ఉల్లిపాయల గోడౌన్ మేడ మీద, చీఫ్ నరసింహమూర్తి బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"కూర్చో అమ్మా రేహానా. టీ తాగుతావా? ఫ్లాస్కు ఖాళీ. పెడితే నాక్కూడా పెట్టు."

యూనిట్ సెవెన్ చరిత్రలో ఫీల్డులోకి దిగిన మొదటి ఆడమనిషి రేహానా. ఏలూరు తివాచీలు నేసే ఇంటి పిల్ల. పదకొండు మిషన్లు చేసింది. రెండుసార్లు తూటా తగిలింది. అయినా టీ ఆమే పెట్టాలి. రూల్ బుక్కులో ఆ మాట లేదు. రాయక్కర్లేదు, అందరికీ కంఠతా వచ్చు.

ఆమె టీ పెట్టలేదు.

"టార్గెట్ ఎవరు సార్?"

"డాక్టర్ గంగాభవాని. కొల్లేటి లంక గ్రామాల్లోంచి డాక్టరేట్ చేసిన మొదటి మహిళ. రొయ్యల వైరస్‌కి టీకా కనిపెట్టింది. ఆఖరి ఫార్ములా ఇంకా ఆవిడ తలలోనే ఉంది. రేపు ఢిల్లీలో అప్పగిస్తుంది."

"అంటే ఇవాళే చంపాలి."

"అంతే. ఆ టీకా వస్తే గ్రే హెరాన్ వాళ్ళ చెరువు మందులు కొనేవాడుండడు. సాయంత్రం ఏలూరులో సన్మానం. జిల్లాలో తొలి మహిళలట, ఏడుగురు. ఈవిడ ఏడో ఆవిడ."

రేహానా గాజు గొట్టంలోని పోగుని వెలుతురుకి పెట్టి చూసింది.

"ఇది తివాచీ ఉన్ని కాదు సార్. ఇంత సన్నం నూలు చేత్తో వడికితేనే వస్తుంది. కాశ్మీరు శాలువాది. విషం శాలువాలో ఉంది."

"ల్యాబ్ రిపోర్టు రానివ్వమ్మా. వాళ్ళు చదువుకున్నవాళ్ళు." చీఫ్ చాలా మెత్తగా అన్నాడు. "యాస్మిన్ ఇన్ఫర్మేషన్ వేరేగా ఉంది. కొల్లేట్లో ఆటపాక దగ్గర బోటులో షూటర్ ఉన్నాడట. మనవాళ్ళనందరినీ అక్కడికే పంపించాను."

యాస్మిన్ టీవీ యాంకర్. నవ్వితే టీఆర్‌పీ పెరుగుతుంది. గ్రే హెరాన్ జీతం తింటూ యూనిట్‌కి కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్. ఆమె ఫోన్ చేస్తే చీఫ్ కుర్చీలోంచి లేచి మరీ మాట్లాడతాడు.

"మరి హాల్లో ఎవరుంటారు సార్?"

"నేనుంటాను. రిటైర్డ్ జడ్జి వేషంలో, సభాధ్యక్షుడిగా. నువ్వు పళ్ళెం పట్టుకో. అంతకు మించి ఏమీ చెయ్యకు."

ఒక వాచీ ఇచ్చాడు. విషం అడుగు దూరంలో ఉంటే వణుకుతుందట. మగవాళ్ళ సైజు. చేతికి పెట్టుకుంటే మోచేతి దాకా జారింది. రేహానా దాన్ని టేబుల్ మీదే వదిలేసి వెళ్ళిపోయింది.

సాయంత్రం నాలుగింటికి ఏలూరు ఫంక్షన్ హాలు గేటు దగ్గర నిర్వాహకుడు అబ్బాయిరాజు ఆమెని ఎగాదిగా చూశాడు.

"పళ్ళెం పట్టుకునే అమ్మాయి మీరేనా అండీ? కాస్త చిన్న వయసు వాళ్ళని, కాస్త తెల్లగా ఉన్నవాళ్ళని పంపమన్నానండీ. ఏమీ అనుకోకండీ."

"అనుకున్నానండీ," అంది రేహానా. లోపలికి నడిచింది.

స్టేజీ మీద ముందు వరసలో సోఫాలు. సోఫాల్లో పదకొండు మంది మగవాళ్ళు. మధ్యలో గుబురు మీసం అంటించుకుని నరసింహమూర్తి. వెనక వరసలో ప్లాస్టిక్ కుర్చీలు. ఆ కుర్చీల్లో, ఎవరి కోసం ఈ సభ పెట్టారో ఆ ఏడుగురు ఆడవాళ్ళు. తొలి బస్సు డ్రైవరు, తొలి అంబులెన్స్ డ్రైవరు, కరెంటు స్తంభాలెక్కే తులసి. తులసి ఉద్యోగం పేరు లైన్‌మన్. ఆ ఉద్యోగానికి ఆడపేరు పెట్టే తీరిక ఎవరికీ దొరకలేదు. కొసన గంగాభవాని.

రేహానా ఆమె వెనక వంగి మెల్లగా చెప్పింది. "మేడమ్, నేను మీ సెక్యూరిటీ. మీకు కప్పే శాలువాలో విషం ఉండొచ్చు. వెళ్ళిపోదాం రండి."

"ఎక్కడికండీ?" గంగాభవాని తల తిప్పలేదు. "ల్యాబులో ఉంటే ఆడదానికి ల్యాబెందుకన్నారు. చెరువు గట్టెక్కితే మైలన్నారు. ఇప్పుడు స్టేజీ దిగిపోతే రేపటికి పిరికిదన్న పేరు కూడా వస్తుంది. నేను దిగను. మీ పని మీరు చూసుకోండి."

మొండిది. రేహానాకి నచ్చింది.

మైకు దగ్గర యాస్మిన్ నీలం చీరలో మెరిసిపోతోంది. మోచేతుల దాకా పట్టు గ్లవ్స్. ఏలూరు ఎండలో.

రేహానా పక్కనుంచి వెళ్తూ కోడ్ అడిగింది. "కొల్లేటికి కొంగలొచ్చాయా అండీ?"

"మూడే వచ్చాయి. ఒకటి కుంటిది," అంది యాస్మిన్, పెదవులు కదపకుండా. "ఇక్కడేం చేస్తున్నావ్? షూటర్ ఆటపాకలో ఉన్నాడు. పో."

చెవిలోని ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు వినిపించింది. "ఆవిడ చెప్పింది చెయ్యమ్మా. వెళ్ళు."

రేహానా వెళ్ళలేదు. స్టేజీ వెనక బల్ల మీద పేర్ల చీటీలతో ఇత్తడి పళ్ళేలు వరసగా ఉన్నాయి. ఏడో పళ్ళెంలో అరటిపళ్ళు, దండ, ఒక పసుపుపచ్చ నైలాన్ శాలువా. అంచుకి పిన్నీసు కూడా ఉంది. ఆమె పళ్ళెం ఎత్తుకుంది. ఇందులో కాశ్మీరు ఉన్ని ఒక్క పోగు కూడా లేదు.

ఒక్కొక్కరికీ శాలువా కప్పడం మొదలైంది. ఆరో ఆవిడ అయిపోయింది. రేహానా ఏడో పళ్ళెంతో స్టేజీ మెట్ల దగ్గరికి వచ్చింది. యాస్మిన్ ఆ పళ్ళెం వైపు చూసింది. పసుపుపచ్చ రంగు చూడగానే ఆమె నవ్వు ఒక్క క్షణం చచ్చిపోయింది.

ఆ క్షణం చాలు. ఉండాల్సిన శాలువా లేదని తెలిసినది ఆమె ఒక్కతే. అంటే పెట్టింది ఆమే.

రేహానా మెట్ల దగ్గర నిలబడ్డ అబ్బాయిరాజు చొక్కా పట్టుకుంది. "ఇందులో ఎర్ర శాలువా ఏమైంది?"

"అదాండీ? యాస్మిన్ మేడమ్ గారు స్వయంగా తెచ్చి పెట్టారండీ. కవర్లో తళతళలాడిపోతోంది. అంత ఖరీదైంది వెనక వరసలో ఆవిడకెందుకండీ? అధ్యక్షుల వారి పళ్ళెంలోకి మార్చేశానండీ. ఈవిడకి మా బీరువాలోది పెట్టాను. కిందటేడు నాకు కప్పిందేనండీ, ఒక్కసారే వాడాం."

గ్రే హెరాన్‌కి శాటిలైట్ ఫోన్లున్నాయి, కెమిస్టులున్నారు, స్విస్ బ్యాంకులున్నాయి. మన సన్మానాల్లో మంచి శాలువా ఆడదాని దాకా రానివ్వరని మాత్రం వాళ్ళకెవరూ చెప్పలేదు.

కానీ యాస్మిన్ ఈ గడ్డ మీద పుట్టింది. చీఫ్ ముందు టీపాయ్ మీద ఎర్ర శాలువాని చూసింది. వెంటనే దారి మార్చింది.

"ఇప్పుడొక అపురూపమైన ఘట్టం!" మైకు మోగిపోయింది. "మన అధ్యక్షుల వారు తమ కోసం తెచ్చిన శాలువాని స్వహస్తాలతో డాక్టర్ గంగాభవాని గారికి కప్పి ఆశీర్వదిస్తారు!"

హాలంతా చప్పట్లు. నరసింహమూర్తి ఛాతీ రెండంగుళాలు పొంగింది. గ్లవ్స్ చేతులతో యాస్మిన్ కవర్ విప్పింది.

"సార్, ముట్టుకోకండి!" రేహానా కాలర్ మైకులో అరిచింది. "అదే శాలువా!"

"నీ పళ్ళెం సంగతి నువ్వు చూసుకో. ఇది ఆర్డర్," అన్నాడు చీఫ్ మీసంలోంచి. కుడిచేత్తో శాలువా అందుకున్నాడు. వెనక వరసకి నడిచాడు. గంగాభవాని లేచి నిలబడింది. శాలువా విప్పారింది. ఆమె మెడకి జానెడు దూరం.

పళ్ళెం గాల్లోకి లేచింది. అరటిపళ్ళు ఎమ్మెల్యే ఒళ్ళో, దండ మైకు స్టాండుకి, నాలుగు కిలోల ఇత్తడి సూటిగా చీఫ్ మణికట్టు మీద. ఎముక విరిగిన చప్పుడు మైకులో కూడా వినపడింది. శాలువా కింద పడింది.

యాస్మిన్ దాన్ని గ్లవ్స్‌తో ఎత్తి గంగాభవాని మీదికి దూకింది. స్తంభాలెక్కే తులసి కూర్చున్న చోటునుంచే మైకు వైరు పట్టి లాగింది. వైరు కాళ్ళకి చుట్టుకుని యాస్మిన్ బోర్లా పడింది. రేహానా మోకాలు ఆమె వీపు మీద, పిస్టల్ ఆమె మెడ మీద.

"నువ్వూ ఆడదానివే," అంది యాస్మిన్ రొప్పుతూ. "నన్నే పట్టిస్తావా?"

"చంపేది ఆడదైతే చప్పట్లు కొట్టాలా?"

ఇంతలో చీఫ్ తూలాడు. చెమట. నోట్లోంచి నురగ. కంటిపాపలు ఆవగింజలయ్యాయి. సోఫాల్లోని మగవాళ్ళు అప్పటికే గేటు దాటేశారు.

గంగాభవాని అతని కళ్ళు చూసింది. పురుగుమందు విషం ఎక్కినవాళ్ళని చెరువుల దగ్గర ఆమె చూసే ఉంది. "బ్లీచింగ్! బాత్రూముల్లో ఉంటుంది, బకెట్‌తో కలిపి తెండి! అమ్మా, మీరు అంబులెన్స్ తియ్యండి. విరుగుడు అట్రోపిన్ రెడీగా పెట్టమని ఆస్పత్రికి ఫోన్ చెయ్యండి!"

చెరువులకి చల్లే బ్లీచింగ్‌తో ఆ చెయ్యి కడిగింది. తొలి అంబులెన్స్ డ్రైవరు ఆరు నిమిషాల్లో అతన్ని ఆస్పత్రిలో పడేసింది.

సోమవారం మధ్యాహ్నం. గంగాభవాని ఢిల్లీలో ఫార్ములా అప్పగించేసింది. నరసింహమూర్తి మంచం మీద ఉన్నాడు. కుడిచేతికి కట్టు. మందు ప్రభావానికి అక్షరాలు అలుక్కుపోయి కనిపిస్తున్నాయి.

"రిపోర్ట్ నేను చెప్పినట్టే రాశావా అమ్మా? నా పర్యవేక్షణలో, ఒక మహిళా వాలంటీర్ సహకారంతో..."

"జరిగినట్టు రాశాను సార్." చదివి వినిపించింది. రేహానా పేరుంది. సాల్మన్ పేరుంది. గంగాభవాని, తులసి, ఇద్దరి పేర్లూ ఉన్నాయి. రెండుసార్లు చెప్పినా చీఫ్ వినలేదన్న ముక్క కూడా ఉంది.

"నేను ఒప్పుకోకపోతే?"

"డాక్టర్ గారు తన స్టేట్‌మెంట్ పొద్దున్నే ఇచ్చేశారు సార్. మీది దానికి కలవకపోతే, ఎందుకు కలవలేదో మీరే ఢిల్లీ వెళ్ళి చెప్పుకోవాలి."

నరసింహమూర్తి కట్టు కట్టిన చెయ్యి ఎత్తి చూపించాడు.

"కుడిచెయ్యి లేదు కదమ్మా, సంతకం ఎలాగ?"

రేహానా ఇంకు ప్యాడ్ తెరిచి అతని ఎడమ బొటనవేలు పట్టుకుంది. యూనిట్ సెవెన్ చరిత్రలో రిపోర్టు కింద వేలిముద్ర వేసిన తొలి చీఫ్‌గా నరసింహమూర్తి గారు రికార్డు సృష్టించారు.