పూడని పంటి గుంట

ఆదివారం మధ్యాహ్నం. ల్యాబులో ఆమె తప్ప పురుగు కూడా లేదు. ఫ్రిజ్ చప్పుడు, స్పిరిట్ వాసన, అంతే. ఇరవై ఏళ్లుగా మైక్రోస్కోపులో చచ్చిన కణాలను లెక్కపెట్టడమే ఆమె ఉద్యోగం. తోటివాళ్లు "యముడి గుమస్తా" అని ఆటపట్టించేవారు.

ఇవాళ చూడబోయేది సొంత సరుకు. ఆర్నెల్ల కిందట కింది దవడపన్ను పీకించుకుంది. ఆ గుంట ఇంకా పూడలేదు. పంటి డాక్టరమ్మ మొన్న లోపల గోకి, ఆ ముక్కను ఆమె చేతికే ఇచ్చింది.

"పన్ను తీసిన చోట ముందు చేరిన కణాలు, పని కాగానే చచ్చిపోవాలండీ. అవి చోటిస్తేనే ఎముక కూడుతుంది. మీకేంటో, అవి కదలట్లేదు."

కదలనిదెవరో ఆమెకు అనుమానంగానే ఉంది.

పన్ను పీకిన రోజే భర్త పోయాడు. సీసామూతలు పంటితో తీసి ముందుపన్ను మూల విరగ్గొట్టుకున్న మొండిమనిషి. గంటసేపు నోరు తెరవొద్దన్నారని ఆమె రక్తం ఆగడానికి గుంట మీద పెట్టిన గాజుగుడ్డ కరిచిపట్టుకుని కూర్చున్నప్పుడు, దూరాన ఊళ్లో ఉన్నట్టుండి ఆసుపత్రిపాలైన ఆయన నుంచి ఫోనొచ్చింది.

"వెళ్ళొస్తానే... వెళ్ళిరమ్మని ఒక్క మాట అను."

గడప దాటేముందు ఆయన రోజూ అడిగేదే అది. అనకపోతే చెప్పులేసుకుని కూడా అక్కడే నిలబడేవాడు. ఆ గుడ్డ ఉమ్మేసి ఉండాల్సింది. డాక్టరు మాట జవదాటని ఇల్లాలు మరి, రక్తం కారుతుందని పళ్లు బిగించి కూర్చుంది. ఆ సిగ్గు ఎవరికీ చెప్పుకోలేదు.

ముక్కకి రంగు వేస్తే, చచ్చిన కణం గోధుమరంగు చుక్కలా కనబడాలి. రంగు సరిగ్గా పట్టిందో లేదో తెలియడానికి, పక్కనే ఎలుక దవడ ముక్కకీ అదే రంగు వేసింది. అందులో నిండా చుక్కలే. తన ముక్కలో... ఒక్కటీ లేదు.

కణాలన్నీ ఒక అంచున గుమిగూడి ఉన్నాయి. కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది. ఇంకాస్త జరిగాయి. గాజుపలక మీద అతికించినవి కదలవు... కదలకూడదు.

"అనవే..."

గుసగుస. గదిలోంచి కాదు. దవడలోంచి.

ఆమె దవడ పట్టుకుంది. ఒక్క మాట అంటే ఆయన వెళ్ళిపోతాడు. గుంట పూడుతుంది. ఆ తర్వాత ఇంటికెళ్లి ఒక్కతే తినాలి, టీవీతో మాట్లాడాలి. ఆర్నెల్లుగా ఆమెను "ఏమే" అని పిలిచినవాళ్లు లేరు.

"వెళ్ళి..." అని నోరు తెరిచింది. ఏడుపొచ్చింది. మూసేసింది.

సొరుగులోంచి గాజుగుడ్డ తీసి, మడతపెట్టి, గుంట మీద కరిచిపట్టుకుంది. ఈసారి కరవమని ఎవరూ చెప్పలేదు.

గంట తర్వాత తీసి చూసింది. పైవైపు తన పై దవడపన్ను గాటు.

కిందివైపు... పన్నే లేని చోట... ఇంకో గాటు ఉంది. ఒక మూల విరిగిన పన్నుది.