మూత దొరికిన సాయంత్రం

పెద్దావిడ శవం మంచం మీద ఒక పక్కకి తిరిగి ఉంది. కుడి భుజం కింద, వీపు మీద, అగ్గిపెట్టెంత ప్యాచ్ అంటించి ఉంది. దాని చుట్టూ చర్మం కమిలిపోయింది. ఆ ఎరుపుకి అంచులున్నాయి. ఎవరో కొలత పెట్టి గీసినట్టు నాలుగు పలకలుగా ఉంది.

సోమవారం. ఉదయం ఏడు ఇరవై.

ఇన్‌స్పెక్టర్ వంగి చూసింది. ముప్పై దాటని మనిషి. ఏడాదిన్నర కొడుక్కి రాత్రంతా జ్వరం, ఆమెకి రాత్రంతా కాపలా. కళ్ళు మండుతున్నాయి.

"నేను డెత్ సర్టిఫికెట్ ఇవ్వను మేడమ్," అన్నాడు డాక్టరు. "ఇది కేన్సర్ నొప్పికి వేసే ప్యాచ్. మూడు రోజులపాటు కొంచెం కొంచెంగా ఒంట్లోకి దిగాల్సిన మందు. వేడి తగిలితే ఒక్కసారే దిగిపోతుంది. మనిషి నిద్రలోనే ఊపిరి తీసుకోవడం మానేస్తుంది."

"వేడి ఎక్కణ్ణించి వచ్చింది?"

హెడ్ కానిస్టేబుల్ దుప్పటి కిందనుంచి ఎర్ర రబ్బరు సంచి తీశాడు. కాపడం పెట్టుకునే హాట్ వాటర్ బ్యాగ్. ఖాళీగా ఉంది. ఇంకా తడిగా ఉంది.

ఆమె మూత విప్పింది. తెల్లటి ప్లాస్టిక్ మూత. మరచుట్ల సందుల్లో నీలంగా ఏదో నలుసు. వేలితో రుద్దింది. జారింది. మూత లోపల ఉండాల్సిన రబ్బరు వాషర్ లేదు.

పక్క తడిసి ఉంది. హెడ్ ముక్కు మూసుకున్నాడు. ఆమె వాసన చూసింది. ఏ వాసనా లేదు. ఉత్త నీళ్ళు.

మూతని కవర్లో వేసుకుంది.

హాల్లో ముగ్గురున్నారు. కొడుకు, కోడలు, కూతురు. కూతురు పెళ్ళై వేరే వీధిలో ఉంటుంది, ఆదివారం ఆదివారం వచ్చి తల్లిని చూసి వెళ్తుంది.

"బ్యాగ్ ఎవరు పెట్టారు?"

"నేనే!" కూతురు లేచి నిలబడింది. "మా అమ్మ వారం నుంచి చలి చలి అని వణికిపోతుంటే ఈ ఇంట్లో ఒక్కళ్ళకి చీమ కుట్టినట్టు లేదు. నిన్న సాయంత్రం నేనొచ్చి పెట్టాను. 'నువ్వొచ్చావు గనక నా వీపు బతికిందే తల్లీ' అంది. నా తల మీద చెయ్యి పెట్టింది. అదేనండీ ఆఖరి మాట."

"వేడి తగలకూడదని మీకు తెలియదా?"

"నాకెవరు చెప్పారు? పోయిన వారం ఇంటికొచ్చి ఈ ప్యాచ్ రాసిచ్చిన ఆ నర్సు చెప్పి చావాలి కదా! చెప్పుంటే మా వాళ్ళు నాకు చెప్పరా?"

ఇన్‌స్పెక్టర్ కొడుకు వైపు చూసింది.

"నర్సు ఏదో చెప్పింది మేడమ్. నేను ఫోన్లో ఉన్నాను."

కోడలు తలుపు దగ్గర నిలబడి ఉంది. కొంగు భుజం చుట్టూ కప్పుకుంది. మెల్లగా అంది.

"వేడి గురించి చెప్పలేదండి."

*

పదకొండు గంటలకి ఆ నర్సుని స్టేషన్‌కి తెచ్చారు.

ఆమె, డాక్టర్లలా మందులు రాసే నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు స్టూడెంట్. ఇంకో నెలలో కోర్సు పూర్తవుతుంది. అప్పటిదాకా తను రాసిన ప్రతి మందు కిందా ట్యూటర్ సంతకం ఉండాలి. ఆ ట్యూటర్ కూడా వచ్చింది. శిష్యురాలి పక్కన కూర్చోలేదు. రెండు కుర్చీలు వదిలి కూర్చుంది.

"డోసు సరిగ్గా ఉంది. నేను చూసే సంతకం పెట్టాను," అంది ట్యూటర్. "కానీ మందు రాయడం సగం పనే ఇన్‌స్పెక్టర్ గారూ. దాన్నెలా వాడాలో ఇంట్లోవాళ్ళ బుర్రకెక్కించడం మిగతా సగం. ఆ సగం దగ్గర నేను లేను. అది ఈ పిల్ల నెత్తినే ఉంది."

స్టూడెంట్ కళ్ళు తుడుచుకుంది.

"ఏడవకు. అది కూడా నీకు సరిగ్గా చేతకాదు," అంది ట్యూటర్.

ఇన్‌స్పెక్టర్ పెన్ను బల్ల మీద కొట్టింది.

"వేడి గురించి చెప్పావా?"

"చెప్పాను మేడమ్. హాట్ బ్యాగ్ వద్దు, హీటర్ దగ్గర పడుకోబెట్టొద్దు, మరీ వేడి నీళ్ళు పొయ్యొద్దు అన్నాను."

"విన్నారో లేదో నీకెలా తెలుసు?"

"తిరిగి చెప్పించుకున్నాను. మాకలాగే నేర్పుతారు. అర్థమైందా అని అడగకూడదు, అడిగితే అందరూ తలాడిస్తారు. మీకేం అర్థమైందో మీ మాటల్లో చెప్పండి అనాలి."

"ఎవరు చెప్పారు?"

"కోడలు గారు. ఒక్కటి కూడా వదలకుండా చెప్పారు. నాకు మళ్ళీ ప్రశ్న కూడా వేశారు. అంత శ్రద్ధగా విన్నవాళ్ళని నేను చూడలేదు మేడమ్."

"ఏం ప్రశ్న?"

"పొరపాటున ఎవరైనా వేడి పెడితే, ఎంతసేపట్లో తెలుస్తుందీ అని."

ఇన్‌స్పెక్టర్ ఆ ప్రశ్నని కాగితం మీద రాసుకుంది.

"నువ్వేమన్నావు?"

"నిద్రలో ఉంటే పొద్దున దాకా ఎవరికీ తెలియకపోవచ్చు, అందుకే అసలు పెట్టొద్దు అన్నాను." స్టూడెంట్ గొంతు దిగిపోయింది. "మంచి ప్రశ్న అడిగారని మెచ్చుకున్నాను కూడా."

ట్యూటర్ నవ్వింది. "బాగుంది. సాక్ష్యం ఎవరమ్మా? చచ్చిపోయిన ముసలావిడా?"

వాళ్ళిద్దరూ బయటికెళ్ళాక హెడ్ తల గోక్కున్నాడు. "ఆ ఇంట్లో మూడు నోళ్ళు మేడమ్. ఈ పిల్లది ఒకటే నోరు. నిర్లక్ష్యం కేసు కడితే జైలే. చదువూ గంగలో కలుస్తుంది, ఉద్యోగమూ కలుస్తుంది. సాయంత్రానికి ఎఫ్‌ఐఆర్ రాయమంటారా?"

"సాయంత్రం దాకా ఆగండి."

ఫోన్ మోగింది. భర్త.

"బాబుకి మళ్ళీ కాలుతోంది. మందు ఎంత పొయ్యాలి?"

"అయిదు ఎమ్.ఎల్. సీసాతో వచ్చిన చిన్న కప్పుతోనే కొలువు, చెంచాతో వద్దు. పోశాక ఆరు గంటలు గడిచేదాకా సీసా ముట్టుకోకు."

"సరే సరే."

"సరే కాదు. నేనేం చెప్పానో చెప్పు."

"నేనేమన్నా నీ ముద్దాయినా?"

"చెప్పు."

సణుక్కుంటూనే చెప్పాడు. సరిగ్గానే చెప్పాడు. తర్వాత డబ్బాలు కదిలిన చప్పుడు.

"ఆ కప్పేదీ? ఇక్కడ లేదే."

"పై అరలో, పప్పు డబ్బా వెనక పెట్టాను. కింద ఉంటే వాడు నోట్లో పెట్టుకుంటున్నాడు."

"బాగుంది సంసారం! దాచేదీ నువ్వే, తీసిచ్చేదీ నువ్వే. నువ్వు లేకపోతే ఈ ఇంట్లో మాకు ఏదీ దొరకదు."

బల్ల మీద కవర్లో తెల్లటి మూత. మరచుట్లలో నీలం నలుసు.

వారం నుంచి చలి చలి అంటోంది పెద్దావిడ. బ్యాగ్ ఇంట్లోనే ఉంది. మరి వారం రోజులూ ఎవరూ ఎందుకు పెట్టలేదు?

"ఏమైంది? ఉన్నావా?" అన్నాడు భర్త.

"ఫోన్ పెట్టెయ్. హెడ్ గారూ, జీపు తియ్యండి."

*

నాలుగు గంటలకి అందరినీ పెద్దావిడ గదిలో నిలబెట్టింది. శవాన్ని పోస్ట్‌మార్టమ్‌కి తీసుకెళ్ళారు. పరుపు మీద తడి మరక ఆరి అంచు కట్టింది. స్టూడెంట్ దాని వైపు చూడలేక కిటికీ వైపు తిరిగింది.

"ప్యాచ్ గురించి నర్సు ఏం నేర్పిందో ఒక్కొక్కళ్ళూ నాకు చెప్పండి. ముందు మీరు."

కొడుకు గొంతు సవరించుకున్నాడు. "రోజుకొకటి మార్చాలి..."

"మూడు రోజులకొకటి!" అనేసింది స్టూడెంట్.

"మీ చేతికి వదిలేసుంటే మీ అమ్మగారు ముందే పోయేవారు," అంది ఇన్‌స్పెక్టర్. "ఇప్పుడు మీరమ్మా."

కోడలు తల వంచుకునే చెప్పింది. మూడు రోజులకొకటి మార్చాలి. కొత్తది వేరే చోట అంటించాలి. పాతది పీకకుండా కొత్తది వెయ్యకూడదు. పీకినదాన్ని మధ్యకి మడిచి పిల్లలకి అందకుండా పారెయ్యాలి. కత్తిరించకూడదు. జిగురు చేతికి అంటితే ఉత్త నీళ్ళతో కడుక్కోవాలి. మరీ మగతగా ఉంటే, ఊపిరి నెమ్మదిస్తే ఫోన్ చెయ్యాలి.

"అంతేనా?"

"అంతేనండి."

"ఇంకేమీ మర్చిపోలేదుగా?"

"లేదండి."

"ఇన్ని గుర్తున్నాయి. భేష్." ఇన్‌స్పెక్టర్ కొడుకు వైపు తిరిగింది. "అమ్మగారు వారం రోజులు చలి అంటుంటే హాట్ బ్యాగ్ ఎందుకు పెట్టలేదు?"

"మూత పోయిందండీ. నన్ను ఒకటే పోరు పెట్టింది అమ్మ. ఇల్లంతా వెతికాను. ఎలుక ఎత్తుకుపోయుంటుంది అంది మా ఆవిడ."

"ఎప్పుడు పోయింది?"

అతను ఆలోచించాడు. "నర్సు వచ్చి వెళ్ళిన రోజే. ఆ రాత్రే అడిగింది అమ్మ."

"మరి నిన్న ఎలా దొరికింది?"

కూతురు ముందుకొచ్చింది. "నేను దెబ్బలాడితే దొరికింది! 'మా అమ్మని చలికి చంపుతావా వదినా, నువ్వు మనిషివా రాయివా' అన్నాను. అప్పుడు లోపలికెళ్ళి మూత తెచ్చి నా చేతిలో పెట్టింది. కడిగి తెచ్చినట్టుంది, తడిగా ఉంది."

"ఇచ్చేటప్పుడు ఏమంది?"

"ఏముంది... 'నీ చేత్తోనే పెట్టు, నేను పెడితే ఆవిడకి వెచ్చబడదు' అంది. వీపు కిందే పెట్టమంది. అక్కడే చలి..."

ఆమె తల తిప్పి వదిన వైపు చూసింది.

ఇన్‌స్పెక్టర్ మూత పైకెత్తి చూపించింది. "దీని సందుల్లో బట్టల సబ్బుపొడి ఉంది. ఎలుకలు బట్టలుతకవు. హెడ్ గారూ."

హెడ్ పెరట్లోంచి నీలం పొడి డబ్బా తెచ్చాడు. కింద పేపరు పరిచి బోర్లించాడు. పొడి కుప్పగా పడింది. చివర్న ఒక నల్లటి రబ్బరు రింగు దొర్లుకుంటూ వచ్చి మంచం కోడుకి తగిలి ఆగింది.

మూత తాలూకు వాషర్.

కొడుకు ఆ డబ్బా వంక చూశాడు. సొంత ఇంట్లో ఆ డబ్బా ఉందని అతనికి అప్పుడే తెలిసినట్టుంది.

"ఈ ఇంట్లో మగవాళ్ళు చెయ్యి పెట్టని చోటు ఇదొక్కటే," అంది ఇన్‌స్పెక్టర్. "వేడి పెడితే ప్రాణం పోతుందని తెలియని మనిషి మూత ఎందుకు దాస్తుంది? అదీ నర్సు వెళ్ళిన గంటల్లోనే? నర్సు చెప్పింది. మీరు విన్నారు. అందరికంటే బాగా విన్నారు. మీ ఆయన ఆవిడ పోరు పడలేక ఎక్కడ నీళ్ళు నింపేస్తాడోనని మూత దాచారు. అప్పటిదాకా మీరు ఆవిడ ప్రాణం కాపాడారు. నిన్న సాయంత్రం అదే మూత బయటికి తీశారు. కంగారులో వాషర్ ఊడి పొడిలో ఉండిపోయింది. అందుకే బ్యాగ్ కారింది."

కోడలు కొంగు భుజం మీంచి తీసేసింది. మొహంలో భయం లేదు. అలసట ఉంది.

"మూడేళ్ళు కడిగాను," అంది. "ఎత్తాను, తుడిచాను, తినిపించాను. ఆవిడ ఒక్క రోజు నా పేరు పెట్టి పిలవలేదు. వారం అడ్డం పడ్డాను, రాక్షసి అన్నారు. వారానికోసారి వచ్చేది దేవత. సరే, దేవత చేత్తోనే జరగనీ అనుకున్నాను."

"ఒసేయ్!" అన్నాడు కొడుకు.

"నేనేం చేశానండీ? నేను ముట్టుకోలేదు. మందు ఎక్కువ వెయ్యలేదు. ఒక్క మాట చెప్పలేదు, అంతే." ఆడపడుచు వైపు తిరిగింది. "పెట్టింది నువ్వు. ఆవిడ దీవించింది కూడా నిన్నే. ఉంచుకో."

కూతురు అరవలేదు. వదిన మీద పడి కొట్టలేదు. తన రెండు చేతులూ తిప్పి చూసుకుంది. తర్వాత వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒంటికి దూరంగా పట్టుకుని నిలబడింది.

"నా వీపు బతికింది అందండీ," అంది, ఎవరితోనో. "నా తల మీద చెయ్యి పెట్టింది."

హెడ్ కోడల్ని జీపు దాకా నడిపించుకెళ్ళాడు.

*

వాకిట్లో ట్యూటర్ గడియారం చూసుకుంది. "రేపు ఎనిమిదికి వార్డులో ఉండు. ఇవాళ్టికి ఆబ్సెంట్ వేస్తాను," అని స్టూడెంట్‌తో చెప్పి వెళ్ళిపోయింది. క్షమించమన్న మాట ఆమె నోట రాలేదు.

స్టూడెంట్ కదల్లేదు.

"నువ్వు సరిగ్గానే నేర్పావు. ఇంటికెళ్ళు," అంది ఇన్‌స్పెక్టర్.

"సరిగ్గా నేర్పాను గనకే కదా మేడమ్ ఆవిడకి తెలిసింది."

"నువ్వు నేర్పకపోతే వారం ముందే పోయేది. అదీ ఆలోచించు."

"ఆ ప్రశ్న ఆవిడ భయంతో అడిగిందా, లెక్కతో అడిగిందా?"

"ఆ రోజు ఆవిడకే తెలిసుండదు."

"రేపు వార్డులో ఇంకొకళ్ళు అడుగుతారు. అందరూ అడుగుతారు మేడమ్. అప్పుడు నేనేం చెప్పాలి? మొహం చూసి చెప్పాలా?"

ఇన్‌స్పెక్టర్ ఫోన్ మోగింది.

"మధ్యాహ్నమే పోశాను," అన్నాడు భర్త. "అయిదే. కప్పుతోనే కొలిచాను. ఆరు గంటలు గడిచేదాకా సీసా ముట్టను. చూశావా, నువ్వడక్కుండానే అప్పజెప్పాను. వాడు పడుకున్నాడు."

"మంచిది."

"ఒక్కటి అడగనా? ఊరికే. పొరపాటున మందు ఎక్కువ పడితే, ఎంతసేపట్లో తెలుస్తుంది?"

వీధిలో జీపు స్టార్టయింది. వెనక సీట్లో కోడలు కొంగు మళ్ళీ భుజం చుట్టూ కప్పుకుంటోంది.

"ఎందుకు అడుగుతున్నావ్?" అంది ఇన్‌స్పెక్టర్.

అది ఇంట్లో వాడే గొంతు కాదు. అవతల భర్త నవ్వబోయి ఆగిపోవడం ఆమెకి వినిపించింది.