కొలబద్ద పక్కన మనిషి

ఊళ్లో అందరూ ఆయన్ని గోడలాయన అనేవారు. కెమెరా ఉన్నది మనుషులు ముస్తాబై దాని ముందు కూర్చోవడానికే అనుకునే రోజులవి. కూలిపోబోయే పాత భవనాల్ని మూలమూలా ఫొటో తీసి దాచాలన్న పిచ్చి మొదట పట్టింది ఆయనకే. ముప్ఫై ఏళ్లలో ఫొటోలు పడిన గాజు పలకలు నాలుగు వేలు పోగయ్యాయి. ఇల్లంతా పలకల పెట్టెలే, మంచం కింద కూడా అవే. "మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు ఈయన నన్ను చూశారనుకున్నారా? నా వెనక గోడని చూశారు" అని భార్య వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వేది. ఆయనా నవ్వేవాడు.

ఆ పనికో పద్ధతి ఉంది. లోపలి హాళ్లలో వెలుతురు తక్కువ. అందుకని కెమెరా మూత తీసి అరగంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు అలాగే ఉంచాలి. ఆ కాసేపట్లో ఎవరు అటూ ఇటూ నడిచినా పలక మీద పడరు. కదలకుండా నిలబడ్డవాళ్లే పడతారు. స్తంభం ఎంత ఎత్తో తెలియాలంటే దాని పక్కన కొలబద్ద పట్టుకుని ఒక మనిషి ఉండాలి. పెళ్లయిన నాటి నుంచీ ఆ మనిషి భార్యే. ఆయన "కదలకు" అనేవాడు. ఆవిడ బొమ్మయిపోయేది. ముక్కు మీద ఈగ వాలినా తోలుకునేది కాదు.

మూడు నెలల కిందట ఓ పాత నాటకశాల మేడ మీద అలాగే నిలబడింది. పైనుంచి సన్నగా సున్నం రాలింది. ఆయన తలెత్తి చూశాడు. దూలం కిర్రుమంది. ఇంకో నాలుగు నిమిషాలేగా అనుకుని మళ్లీ గడియారం చూసుకున్నాడు. ఆ చప్పుడు ఆవిడకీ వినబడే ఉంటుంది. ఇంకెవరైనా అయితే పరిగెత్తేవారు. ఆయన చెప్పలేదు కాబట్టి ఆవిడ కదల్లేదు. దూలం ఆవిడ మీద పడింది. ఆయన ముందు కెమెరాకి మూత పెట్టాడు. ఆ తర్వాతే పరిగెత్తాడు.

ఆయన ముందే చూశాడని ఎవరికీ తెలియదు. పంతొమ్మిదేళ్ల కూతురికి అసలే తెలియదు. ఆవిడ పోయిన రోజు నుంచి ఆయనకి ఏడుపు రాలేదు, ఆకలీ వేయలేదు. మనసు మొద్దుబారిపోయింది. కూతురు అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. ఒక్క భయం మాత్రం మిగిలింది. సంగతి తెలిస్తే ఆ పిల్ల తన మొహం చూడదు, ఇల్లు వదిలిపోతుంది. ఆయనకున్నది ఇక ఆ పిల్లే.

ఇంతలో పాత కోర్టు భవనం కూల్చేస్తారని కబురొచ్చింది. ఆయన పెట్టెలు సర్దుకున్నాడు. కొలబద్ద కూతురే అందుకుంది.

"అమ్మ చేసే పనేగా నాన్నా. నేను నిలబడలేనా?" అంది.

మొదటి రోజు పలక కడిగి చూస్తే చీకటి నడవా చివర, మెట్ల దగ్గర ఒక ఆడమనిషి ఉంది. ఎవరో దారినపోయేవాళ్లు అనుకుందామన్నా వీల్లేదు. అరగంట కదలకుండా నిలబడగల ఆడమనిషి, కూతురు కాక, ఆయనకి తెలిసి ఒక్కతే. రెండో రోజు పలకలో ఆవిడ మూడో స్తంభం దగ్గరికొచ్చింది. తల కాస్త ఎడమకి వాల్చి ఉంది. మూడో రోజు కూతురి పక్కనే ఉంది. మొహం కూతురి చెవి వైపు తిరిగి ఉంది.

ఆయనకి గుండె దడ కూడా రాలేదు. పిల్లకి చెప్పేస్తుంది అనుకున్నాడు, అంతే. ఆ మూడు పలకల్నీ కూతురికి కనబడకుండా పెట్టెల అడుగున పెట్టాడు. పని మానేద్దామన్న ఆలోచన కూడా రాలేదు. జడ్జీ కూర్చునే పెద్ద హాలు ఇంకా మిగిలే ఉంది. ఎల్లుండి నుంచి పలుగులు పడతాయి.

ఆవిడ మళ్లీ పిల్ల పక్కకి చేరకూడదు. మర్నాడు హాల్లో కెమెరా బిగించాక, "ఇవాళ నేను నిలబడతాను. మూత నువ్వు తియ్యి" అన్నాడు.

"మీరా? నలభై నిమిషాలు కదలకుండా నిలబడాలి నాన్నా. మీ వల్ల కాదేమో!"

చాలా రోజుల తర్వాత పిల్ల నవ్వింది. ఆయన కొలబద్ద పట్టుకుని స్తంభం పక్కకి వెళ్లాడు.

మధ్యాహ్నం రెండు గంటలైనా హాలు మసకగానే ఉంది. కిటికీలకి చెక్కలు కొట్టేశారు. ఒక్క సందులోంచి వెలుగు గీత నేల మీద పడుతోంది. పాత కాగితాల వాసన, పావురాల రెట్ట వాసన. పైన ఎక్కడో పావురాలు గొణుగుతున్నాయి. కూతురు మూత తీసి, గడియారం చేత్తో పట్టుకుని కెమెరా పక్కన నిలబడింది.

పది నిమిషాలు గడిచాయి. వెలుగు గీత కొంచెం జరిగింది. ఆయన ఎడమ భుజం చల్లబడింది. తర్వాత వాసన వచ్చింది... అప్పుడే రాలిన సున్నం వాసన.

గొణుగుడు ఆగలేదు.

పావురాలైతే మధ్యమధ్య ఆగుతాయి కదా... ఇది ఆగడం లేదు. పైనుంచీ రావడం లేదు. పక్క నుంచి వస్తోంది. మాటలు మాత్రం తెలియడం లేదు. ఆయన మెడ తిప్పబోయాడు.

"కదలకండి."

చెవి పక్కనే. మెల్లగా. ఆయన కదల్లేదు.

ఎదురుగా కూతురు కనిపిస్తూనే ఉంది. గడియారం పట్టుకున్న చెయ్యి ఎప్పుడో కిందికి దిగిపోయింది. ఆ పిల్ల ఆయన్ని చూడటం లేదు. ఆయన పక్కకి చూస్తోంది...

ఎంతసేపైందో తెలియదు. కూతురు మూత పెట్టింది. దారంతా వాగుడుకాయలా వాగే పిల్ల, ఇల్లు చేరేదాకా నోరు విప్పలేదు. నేరుగా డార్క్‌రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

ఎర్ర దీపం కింద, మందునీళ్ల పళ్లెంలో పలక మీద బొమ్మ మెల్లగా తేలింది. తెలుపు నలుపుగా, నలుపు తెలుపుగా. ముందు స్తంభం వచ్చింది. తర్వాత కొలబద్ద, దాన్ని పట్టుకున్న తను. పక్కనే ఆవిడ.

జుట్టు తెల్లగా, మొహం నల్లగా. భుజం మీది సున్నం రేణువులు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా పడ్డాయి. ఒక్క పెదవులే చెదిరిపోయాయి. మూత తీసి ఉన్నంతసేపూ ఆపకుండా మాట్లాడితేనే అలా చెదురుతాయి. ఆవిడ చూపు ఆయన మీద లేదు. సూటిగా కెమెరా వైపు ఉంది... కెమెరా పక్కన నిలబడ్డ పిల్ల వైపు.

తలుపు అవతల ఎవరో వచ్చి నిలబడ్డ అలికిడి.

"అమ్మాయ్..." అన్నాడు ఆయన. "హాల్లో నీకేమైనా వినబడిందా?"

"వినబడింది."

"ఏం చెప్పింది?"

"మీకు చెప్పొద్దంది నాన్నా."

ఆయన చెయ్యి గడియ మీద పడింది. పలక ఇంకా పళ్లెంలోనే ఉంది. ఇప్పుడు తలుపు తీస్తే వెలుగు తగిలి మొత్తం నల్లబడిపోతుంది. చెయ్యి అక్కడే ఆగింది.

అవతల అడుగులు వీధి గుమ్మం వైపు వెళ్లాయి. ఆయన విన్నాడు. అవి ఒక్కరి అడుగులు కావు...