మీ నాన్నగారి షుగరెంత?

"ఆ డబ్బా నాదండీ!"

"దాని మీద మీ పేరేమన్నా రాసుందాండీ?"

భీమవరం బస్టాండు ఎదురుగా ఉన్న మందుల షాపులో ఒకే ఒక్క షుగర్ టెస్టు స్ట్రిప్పుల డబ్బా మిగిలింది. దానికి ఒక కొస ఫణిశ్రీ పట్టుకుంది. రెండో కొస ఎవరో పొడుగాటి అబ్బాయి పట్టుకున్నాడు. బయట వాన దంచేస్తోంది. ఫ్యాను గాలికి అతని జుట్టులోంచి చినుకులు లేచి వచ్చి ఈమె కళ్ళజోడు మీద వాలుతున్నాయి.

"నేను పాలకొల్లు నుంచి వచ్చానండి దీనికోసం."

"ఏం, పాలకొల్లులో మందుల షాపులు ఎత్తేశారా?"

ఫణిశ్రీకి ఒళ్ళు మండింది.

"ఎవరికమ్మా?" అన్నాడు షాపాయన.

"మా నాన్నగారికి."

అబ్బాయి చెయ్యి వదిలేశాడు. "అలా చెప్పరేంటండీ మరి? నేనూ మా నాన్నకే. ఆయనకి ఇంట్లో ఇంకో నాలుగు స్ట్రిప్పులు ఉన్నాయిలెండి, తీసుకోండి."

వదిలేశాక నవ్వాడు. ఆ నవ్వుతో వచ్చింది చిక్కంతా.

పాలకొల్లులో షాపులు ఎవరూ ఎత్తెయ్యలేదు. ఫణిశ్రీ వాళ్ళ వీధి మొదట్లోనే రమేష్ బాబుగారి జనరిక్ మందుల షాపుంది. అక్కడ షుగరు చూసే మీటరూ చవకే, స్ట్రిప్పులూ సగం ధరే. కానీ సాయంత్రమైతే ఆ షాపు బెంచీ మీద పాపాయమ్మగారు కూర్చుంటారు. ఊళ్ళో సంబంధాలన్నీ కుదిర్చేది ఆవిడే, చెడగొట్టేదీ ఆవిడే. పోనీ ఆన్‌లైన్‌లో తెప్పిద్దామంటే, ఆ వీధికి కొరియర్ తెచ్చేది ఆవిడ మేనల్లుడు.

షుగరు నాన్నగారికి లేదు. ఆయన భోజనం చివర అరటిపండూ బెల్లమూ పెరుగులో కలుపుకుని హాయిగా నిద్రపోతారు. షుగరు ఫణిశ్రీకి. ఇంటర్ సెకండియర్‌లో వచ్చింది, ఇన్సులిన్ సూదితో సహా.

"పెళ్ళయ్యేదాకా గుట్టుగా ఉండవే తల్లీ," అని వాళ్ళమ్మ వరహాలక్ష్మి గారు ఆ రోజు నుంచీ అంటూనే ఉన్నారు. ఆ గుట్టుకి బస్సు ఛార్జీలూ, రెట్టింపు ధరా. స్కూల్లో లెక్కల టీచరు జీతంలోంచి అంతకు మించి రాదు గనక, రోజూ నాలుగుసార్లు చూసుకోమని డాక్టరుగారు చెప్పినా ఫణిశ్రీ ఒక్కసారే చూసుకుంటుంది. మిగతాదంతా ఊహే. ఒకసారి ఆ ఊహ తప్పి, క్లాసులో బోర్డు దగ్గరే కళ్ళు తిరిగి పడిపోయింది. ఉపవాసమని చెప్పింది.

అబ్బాయి పేరు ఉదయ్‌భాస్కర్. రొయ్యల మేత కంపెనీలో ఉద్యోగం. తర్వాతి నెల ఆమె వచ్చేసరికి షాపు మెట్ల మీదే ఉన్నాడు, చేతిలో డబ్బాతో.

"ఈసారి మీకోసం పక్కన పెట్టించానండి. మీ నాన్నగారి షుగరెంత ఉంది?"

ఫణిశ్రీ తన నంబరు చెప్పింది. "నూట తొంభై."

"అమ్మో! ఏం తిన్నారేంటి?"

"బస్టాండులో జున్ను."

"చూశారా, దొంగచాటుగా తినేస్తున్నారన్నమాట! ఆయన మీద మీరు ఓ కన్నేసి ఉంచాలండీ."

"వేశానండి. రెండు కళ్ళూ."

అలా మొదలైంది. పొద్దున్నే మెసేజి వచ్చేది: మీ నాన్నగారి షుగరెంత? ఈమె నంబరు పంపేది. తక్కువుంటే చప్పట్లు, ఎక్కువుంటే చివాట్లు. "మా కంపెనీవాళ్ళు చెరువులో రొయ్యలకి పూటపూటా టెస్టులు చేస్తారండీ, మా నాన్న మాత్రం వారానికోసారి వేలివ్వమంటే ఏడుస్తాడు," అని ఒకరోజు ఫోన్లో నవ్వించాడు. తన ఒంట్లో ఏముందో ఇంత శ్రద్ధగా అడిగే మనిషి ఫణిశ్రీకి పుట్టి బుద్ధెరిగాక దొరకలేదు. అడుగుతున్నది తన గురించి కాదన్న సంగతి అప్పుడప్పుడూ ముల్లులా గుచ్చుకునేది. ముల్లే కదా అని ఊరుకునేది.

శ్రావణంలో మళ్ళీ అదే షాపు చూరు కింద, అదే వానలో అతను చెప్పేశాడు.

"ఇంట్లో మీ గురించి మాట్లాడదామనుకుంటున్నానండి. మా అమ్మకి ఎలాంటి కోడలు కావాలో అచ్చం అలాగే ఉన్నారు. అక్క విషయంలో ఓసారి దెబ్బతిన్నాం. తాంబూలాలు పుచ్చుకున్నాక తెలిసింది, అబ్బాయికి షుగరట! వెనక్కి ఇచ్చేశాం. బతికిపోయాం బాబోయ్."

చూరు నీళ్ళు ఆమె చెప్పుల మీద పడుతున్నాయి. కాళ్ళు వెనక్కి తీసుకోలేదు.

"ఉదయ్ గారూ, మా నాన్నగారికి షుగర్ లేదు."

"అదేంటి, తగ్గిపోయిందా?"

"ఎప్పుడూ లేదు. ఆ నంబర్లన్నీ నావి. జున్ను తిన్నది కూడా నేనే."

అతని మొహంలో నవ్వు ఎక్కడికి పోవాలో తెలియక కాసేపు అక్కడే నిలబడిపోయింది. పాలకొల్లు బస్సు వచ్చింది. ఆమె ఎక్కేసింది.

పది రోజులు మెసేజి లేదు. పదకొండో రోజు అతనే ఫోను చేసి రమ్మన్నాడు. ఫణిశ్రీ ఆకుపచ్చ చీర కట్టుకుని మరీ వెళ్ళింది. బస్సులో అద్దం తీసి రెండుసార్లు బొట్టు సరిచేసుకుంది.

ఉదయ్ కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. అయినా మొహం వెలుగుతోంది.

"ఫణీ, నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఒట్టు. నువ్వంటే నాకు ప్రాణం. అంతా ఆలోచించాను. అమ్మకి చెప్పకుండా ఉంటే చాలు. ఇంట్లో నాన్న మీటరు ఎలాగూ ఉందా, నీ స్ట్రిప్పులు కూడా నాన్నవేనని చెప్తాను. సూది మన గదిలో, తలుపేసుకుని. ఎవరికీ తెలీదు."

ఎంత సంబరంగా చెప్పాడంటే, బహుమతి తెచ్చినట్టు చెప్పాడు. అతను అబద్ధమాడటం లేదు, నిజంగానే ప్రేమిస్తున్నాడు. ఫణిశ్రీకి ఏడుపొచ్చింది అందుకే.

"మళ్ళీ నాన్నగారి పేరు మీదేనా ఉదయ్?"

"కొన్నాళ్ళే. అమ్మకి మెల్లగా..."

"మా అమ్మ కూడా పెళ్ళయ్యేదాకా అంది. పెళ్ళయ్యాక మీ అమ్మగారు పోయేదాకానా? నేను కళ్ళు తిరిగి పడిపోతే ఏం చెప్తావు, ఉపవాసమనా?"

అతను జవాబు కోసం వెతుక్కున్నాడు. "కొంచెం సర్దుకోవాలి కదా ఫణీ," అన్నది దొరికింది.

ఆరోజు ఆమె భీమవరంలో డబ్బా కొనలేదు.

పాలకొల్లులో దిగి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని బురద దాటుకుంటూ నేరుగా రమేష్ బాబుగారి షాపుకి నడిచింది. బెంచీ మీద పాపాయమ్మగారు మరమరాలు నములుతున్నారు.

"చవక మీటరొకటి, స్ట్రిప్పులు రెండు డబ్బాలు ఇవ్వండి."

"ఎవరికమ్మా?" అన్నారు రమేష్ బాబుగారు.

"నాకేనండి."

మరమరాల చప్పుడు ఆగిపోయింది.

"నీకా? అయ్యో, మీ అమ్మ ఒక్క మాటైనా చెప్పలేదేంటే!" అన్నారు పాపాయమ్మగారు. జాలిగా అన్నట్టే అన్నారు, కానీ కళ్ళు అప్పుడే నాలుగు వీధులు తిరిగొచ్చాయి.

ఫణిశ్రీ ఆవిడ పక్కనే కూర్చుంది. చేతులు కడుక్కోవడానికి రమేష్ బాబుగారినే నీళ్ళడిగింది. తొమ్మిదేళ్ళుగా బాత్రూములో గొళ్ళెం పెట్టుకుని పొడుచుకున్న వేలిని మొట్టమొదటిసారి వీధి వెలుగులో పొడిచింది. ఎర్రటి బొట్టు, నుదుటి మీద బొట్టంత. కొత్త మీటరు మీద నూట పద్దెనిమిది. చాలా మంచి నంబరు. ఎవరికైనా చెప్పాలనిపించేంత మంచి నంబరు.

ఉదయ్‌కి పంపింది: నూట పద్దెనిమిది. నాది.

నీలం టిక్కులు పడ్డాయి. ఏదో టైప్ చేస్తున్నట్టు చూపించింది, ఆగింది, మళ్ళీ చూపించింది. తర్వాత ఏమీ లేదు. దీపాలు పెట్టేవేళ దాకా ఆ బెంచీ మీదే కూర్చుంది, ఏమీ రాలేదు.

"వచ్చే నెలకి కూడా తెప్పించి ఉంచమంటావామ్మా?" అన్నారు రమేష్ బాబుగారు, చిల్లర ఇస్తూ.

ఆమె ఫోను హ్యాండ్‌బ్యాగులో వేసి, కళ్ళజోడు తీసి పైటకొంగుతో తుడుచుకుంది. ఈసారి అద్దాల మీద వాన చినుకులు లేవు.

"తెప్పించండి. నా పేరు మీదే."