ఎప్పుడూ వేయని రివర్సు

ఆ ఇంట్లో పొద్దున్నే మొదట లేచేది పెద్దాయనే. జీవితమంతా బస్సు నడిపి రిటైరైన మనిషికి అలారంతో పనేముంది? భార్య లేచి మొహం కడుక్కునేసరికి ఆయన కారు తుడిచి, వాలుగా ఉన్న వాకిట్లో అటూ ఇటూ కదిపి, దాని మూతి వీధివైపుకి తిప్పి పెట్టేసేవాడు. ఆమె సంచి తగిలించుకుని వచ్చి ఎక్కడమే తరువాయి.

ఆమెను వీధివీధంతా నర్సమ్మ అనే పిలుస్తుంది. ఆస్పత్రి ఉద్యోగం అయిపోయాక, మంచం దిగలేనివాళ్ల ఇళ్లకు వెళ్లి కట్లు కట్టి వస్తోంది. ఆమధ్య మెట్ల మీంచి పడి ఎడమకాలు పట్టు తప్పింది. క్లచ్ తొక్కే బండి ఇక తన వల్ల కాదని తేలాక, పట్టుబట్టి ఒక పాత ఆటోమేటిక్ కారు కొనుక్కుంది. దానికి ఎడమకాలితో పని లేదు. స్టీరింగ్ ముందు కూర్చుంటే చాలు, తనకు కాలు బాగాలేదన్న సంగతే ఆమెకు గుర్తుండేది కాదు.

ఆ రోజు నాలుగు రోడ్ల కూడలిలో పచ్చలైటు పడింది. నర్సమ్మ ఆక్సిలరేటర్ తొక్కింది. ఇంజన్ గొంతు చించుకుంటోంది గానీ బండి అంగుళం కదిలితే ఒట్టు! వెనక హారన్లు మోత మోగిపోయాయి. కొడుక్కి ఫోన్ చేసింది. వాడు ఆఫీసులోంచి పరుగున వచ్చి, కారును షెడ్డుకి లాగించాడు.

సాయంత్రం భోజనాల దగ్గర వాడే మాట ఎత్తాడు.

"గేర్‌బాక్స్ చెడిందమ్మా. మెకానిక్ రెండు దారులు చెప్పాడు. విప్పి బాగుచేయడం ఒకటి, అది తీసేసి ఇంకోటి వేయడం ఒకటి. రెండోదానికైతే కారు ధరలో సగం పోతుంది. ఈ గొడవంతా ఎందుకు, అమ్మేద్దాం."

"అమ్మేసి? నేనెలా వెళ్లాలి?"

"టాక్సీలో వెళ్లు. లేదా ఆ పని మానేసి హాయిగా ఇంట్లో కూర్చో."

"నా కోసం కట్లు విప్పుకుని కూర్చునేవాళ్లకి కూడా హాయిగా కూర్చోమని చెప్పనా?"

కొడుకు కంచం జరిపాడు. "అది కాదమ్మా. నడిరోడ్డు మీద ఆగిపోయావని ఫోన్ రాగానే నా గుండె జారిపోయింది. అసలు నీ ఎడమకాలు తెలీకుండా బ్రేకు మీద పడుతోందేమో. బండి అందుకే పాడైందేమో."

"అవేం మాటలండీ!" అంది కోడలు. కానీ మాట జారిపోయింది. నర్సమ్మకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఆమె మొగుడివైపు చూసింది. బండి సంగతి తెలిసిన మనిషి, ఆయనైనా ఒక్క మాట అడ్డు వేస్తాడని.

"మీరు చెప్పండి."

పెద్దాయన అన్నం కలుపుతూనే ఉన్నాడు. "అమ్మేద్దాంలే. విప్పించి మాత్రం ఏం లాభం?" అన్నాడు తల ఎత్తకుండా.

"మీరు కూడానా?" నర్సమ్మ లేచి నిలబడింది. "నా కాలు పనికిరాదని డాక్టరు చెబితే విన్నాను. ఇప్పుడు మీ అందరి నోటా వినాలా? రేపు నేనే షెడ్డుకి వెళ్తా. విప్పి చూపించమంటా. తప్పు నా కాలిదే అయితే తాళాలు మీ చేతిలో పెట్టి, నోరు మూసుకుని ఓ మూల కూర్చుంటా."

ఆ పూట ఎవరికీ అన్నం సహించలేదు.

మర్నాడు కొడుకుతో కలిసి ఆమె బయల్దేరుతుంటే పెద్దాయన కూడా చెప్పులు వేసుకున్నాడు. "నువ్వెందుకే, నేను కనుక్కుంటాగా," అని దారి పొడుగునా ఒకటే గొణుగుడు. కొడుకు పొద్దున్నే ఫోన్ చేసి చెప్పడంతో షెడ్డులో మెకానిక్ అప్పటికే గేర్‌బాక్స్ విప్పేశాడు. మాడి నల్లబడ్డ ప్లేట్లు పళ్లెంలో పెట్టి చూపించాడు.

"అమ్మగారూ, మీరు రివర్సు బాగా వాడతారా?"

"నేనా? రివర్సు వేసిన పాపాన పోలేదు నాయనా! మా ఇంట్లో కారెప్పుడూ వీధివైపే తిరిగి..."

నర్సమ్మ మాట అక్కడే ఆగిపోయింది. మెల్లగా వెనక్కి తిరిగింది. కొడుకూ తిరిగాడు. పెద్దాయన, మూలన పడేసి ఉన్న పాత టైర్లను అదేదో వింతలా చూస్తున్నాడు.

"ఇవన్నీ రివర్సు గేరుని పట్టి ఉంచే ప్లేట్లు. బండి పూర్తిగా ఆగకుండా గేరు మారిస్తే ఇలాగే మాడతాయి," అన్నాడు మెకానిక్. "ఆ మసి ఆయిల్లో కలిసి మిగతావాటికీ పట్టు తప్పించింది. కడిగితే అవి పనికొస్తాయి."

"నాన్నా?" అన్నాడు కొడుకు.

పెద్దాయన టైర్ల మీంచి చూపు తిప్పాడు. "మీ అమ్మ వచ్చేలోపు తిప్పేయాలని తొందర రా. బస్సుని క్లచ్ మీద ఆపినట్టు, వాలులో దీన్ని బ్రేకు తొక్కకుండా ఆక్సిలరేటర్ మీదే ఆపి గేరు మార్చేవాణ్ణి. ఈమధ్య ఠక్కుమని చప్పుడొస్తుంటే నాకు అనుమానం వచ్చింది. నిన్న చెబుదామనే అనుకున్నా. బస్సు మీద గీత పడనివ్వలేదని ఊరంతా చెప్పుకు తిరిగినవాణ్ణి కదా... నోరు పెగల్లేదు."

"పెగల్లేదా!" నర్సమ్మ గొంతు షెడ్డంతా వినిపించింది. "నా కాలిని ఆడిపోసుకుంటుంటే అన్నం కలుపుతూ కూర్చున్నారు! గేర్‌బాక్స్ పోతే పోయిందండీ, నా కాలిని నేనే ఎంత తిట్టుకున్నానో మీకు తెలుసా?"

"తప్పయిపోయిందే," అన్నాడాయన. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అసలు రోజూ తిప్పి పెట్టమని మిమ్మల్ని ఎవరడిగారు?"

"ఎవరూ అడగలేదు. కారు కొన్న కొత్తలో రివర్సు వేయబోయి గడగడా వణికిపోయావు. కాసేపు స్టీరింగ్ మీద తల వాల్చి ఏడ్చావు కూడా. ఎవరూ చూడలేదనుకున్నావు. నేను కిటికీలోంచి చూశాను."

ఆ భయం సంగతి ఆమె ఏనాడూ ఎవరికీ చెప్పుకోలేదు. వానైనా, జ్వరమైనా ఒక్క పొద్దు తప్పకుండా కారు వీధివైపే తిరిగి ఎందుకు ఉండేదో ఇన్నాళ్లూ అడగనూ లేదు. తెలిసీ తెలియని చేత్తో బండిని పాడుచేసిన ఆ ముసలి మనిషి, ఆమె పరువు నిలబెట్టడానికే ఇంత చేశాడు. తిట్టడానికి నోరు తెరిచి, ఏడుపు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది.

"అమ్మా, కాలి మాట అన్నందుకు నన్ను..." అంటూ కొడుకు దగ్గరికొచ్చాడు.

"నీ సంగతి ఇంటికెళ్లాక చెప్తా," అంది కళ్లు తుడుచుకుంటూ.

"మరి మొత్తం మార్చమంటారా, బాగుచేయమంటారా?" అన్నాడు మెకానిక్, నవ్వాపుకుంటూ.

"మాడినవి తీసెయ్యి నాయనా. పనికొచ్చేవి కడిగి పెట్టు. ఇంతకాలం నమ్ముకున్నదాన్ని ఒక్క తప్పుకే వదిలేస్తామా?" అంటూ ఆమె మొగుడి చెయ్యి పట్టుకుంది.

కారు ఇంటికి వచ్చిన మర్నాడు పొద్దున అది ఇంటివైపే తిరిగి ఉంది. పెద్దాయన దాన్ని తుడిచాడంతే. చేతులు ఉబలాటపడుతున్నా వెనక్కి కట్టుకుని గేటు పక్కన నిలబడ్డాడు. నర్సమ్మ ఎక్కి కూర్చుంది. ఊపిరి బిగబట్టి రివర్సు వేసింది.

"రానీ... రానీ... స్టీరింగ్ కుడికి కొయ్యి... ఆపు! పూర్తిగా ఆగనీ!"

"ఆ మాట మీరా చెప్పేది!" అందామె కిటికీలోంచి. బ్రేకు తొక్కి, బండి పూర్తిగా ఆగాకే గేరు మార్చింది.

పెద్దాయన కారు మీద అరచేత్తో రెండుసార్లు తట్టాడు. "రైట్, రైట్!"

బస్సు నడిపినన్నాళ్లూ కండక్టరు వేసే ఆ కేక వెనక నుంచి వినడమే గానీ ఆయన ఎన్నడూ అన్నది లేదు. నర్సమ్మ అద్దంలోకి చూసింది. కారు తుడిచిన గుడ్డతోనే కళ్లు తుడుచుకుంటున్నాడు. ఆమెకు ముందున్న వీధి మసకబారింది. ఒక్క క్షణం ఆగి, కళ్లు ఒత్తుకుని, మెల్లగా ముందుకు కదిలింది.